చెరో సగం ఉక్కు విల్లు

కొత్వాల్‌గూడ,
సోమవారం

ప్రియమైన బర్కత్ భాయ్‌కి,

‘ప్రియమైన’ అన్నది ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ పడిపోయింది. కొట్టేస్తే కాగితం ఖరాబవుతుందని ఉంచాను. అది చూసి నా కోపం తగ్గిందనుకోకు.

నిన్న నేను పెట్టుకున్న ఒట్టు నీకు గుర్తుండే ఉంటుంది. నీ మొహం చూడను, నీ గొంతు వినను. రాయనని మాత్రం అనలేదు కాబట్టి రాస్తున్నాను. మన ఆడవాళ్లకు మన తగాదాతో పని లేదట. రేపు శంషాబాద్ కూరగాయల మార్కెట్లో మా భారతమ్మ, మీ సకీనా ఎప్పటిలాగే కలుస్తారట. ఈ ఉత్తరం తోటకూర కట్టల కింద నీకు చేరుతుంది.

న్యాయంగా చెప్పు. జుమేరాత్ బజార్లో తుక్కు ఇనుము కుప్పలోంచి మనిద్దరం కలిసి కొన్న విల్లు అది. వెదురువి, కొమ్ముతో చేసినవి మన దగ్గర చాలానే ఉన్నాయి. కానీ మొత్తం ఉక్కుతో చేసి, పిడి దగ్గర మర తిప్పితే రెండు సగాలుగా విడిపోయే పాతకాలపు విల్లు ఇంకెవరింట్లో ఉంది? ఒక నెల నీ గోడకు, ఒక నెల నా గోడకు అనుకున్నాం. నీ నెల రాగానే ఏం చేశావు? నీ టెంట్‌హౌస్ గిరాకీల పెళ్లి ఫొటోలకు ఇచ్చేశావు! నేను హిమాయత్‌సాగర్ కట్ట మీద నడకకు పోతే ఏం కనబడాలి? పెళ్లికొడుకు మన విల్లుతో గురిపెడుతున్నాడు, పెళ్లికూతురు గుండె పట్టుకుని వెనక్కి వాలుతోంది. పక్కనే పొగ మిషన్! దాని మీద వెండి తీగ పని ఉందయ్యా, ఆ పనితనం మీద గులాబీ రంగు పొగ!

అందుకే అక్కడే, అందరి ముందే మర విప్పి పై సగం తెచ్చుకున్నాను. కింది సగం కూడా మర్యాదగా పంపించు.

ఇక నీకేమీ కాని,
యాదయ్య

*

శంషాబాద్,
బుధవారం

యాదన్నకు సలాం,

నీ లెక్క నాకు పుస్తకాల తెలుగు రాదు, మాట్లాడినట్టే రాస్త. కోపమొస్తే నీకు పుస్తకాల తెలుగు వస్తదని నాకెర్కనే. ఆర్టీసీల క్లర్కుగ ఉన్నప్పుడు గూడ పై ఆఫీసరుకు గిట్లనే రాస్తుంటివి.

ఉత్తరం తోటకూర నీళ్లకు సగం తడిసింది. తిట్లు మాత్రం మంచిగనే కనవడ్డయి.

తప్పయింది అనుకో. ఆ పెండ్లోళ్లు తెచ్చుకున్న ప్లాస్టిక్ విల్లు పట్టుకుంటనే ఇరిగింది. “బర్కత్ చాచా, జర ఇజ్జత్ కాపాడుండ్రి” అని వచ్చిండ్రు. మనిషన్నోడు ఏం జేస్తడు? నువ్వేమో ఇసుక లారీ వచ్చినట్టు వచ్చి పెండ్లికొడుకు చేతులకెల్లి గుంజుకున్నవ్. ఆ పిలగాడు దొంగలు వడ్డరనుకొని రెండు చేతులు మీదికి ఎత్తిండు. ఆ ఫొటో గూడ తీసిండ్రు. మంచిగొచ్చిందని ఆల్బంల పెడ్తరంట.

కింది సగం పంపనే పంప. తుక్కులకెల్లి తీసింది నువ్వైతే, మర ఉన్నదని కనిపెట్టింది నేను. నువ్వు దాన్ని కిటికీ ఊస అనుకున్నవ్, యాది జేస్కో. పై సగం నువ్వే పంపు. తోటకూర కింద గాదు, జర ఇజ్జత్‌గ పంపు.

“గా సగం ఇనుప ముక్కను గోడకేసి రోజు ఏం జూస్తున్నవ్?” అని సకీనా అడుగుతుంది. నేనేం జెప్పాలె?

నువ్వు కాదన్నా నీ దోస్తే,
బర్కత్

*

కొత్వాల్‌గూడ,
ఆదివారం

బర్కత్‌కు,

‘భాయ్’ తీసేశాను, గమనించు. కిటికీ ఊచ అన్న మాట నేను అనలేదు. అని ఉంటే చీకట్లో అని ఉంటాను.

అసలు సంగతికి వస్తాను. నిన్న నవీన్‌కుమార్ అనే ఆయన మా ఇంటికి వచ్చాడు. పాత ఆయుధాల ప్రదర్శనలు పెడుతుంటాడట. వచ్చే నెల ఎయిర్‌పోర్టు దారిలో ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నాడట. నా విల్లులన్నీ వరసగా చూశాడు. గోండుల వెదురు విల్లు బాగుందన్నాడు. మట్టి ఉండలు విసిరే ఉండవిల్లు పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఉక్కు సగాన్ని చూడగానే మాత్రం కుర్చీలో కూలబడ్డాడు. “ఇది మొత్తం ఉంటే హాలు నడుమ గాజు పెట్టెలో పెడతానండీ. సొంతదారు పేరు కార్డు మీద రాయిస్తాను. సగమైతే నాకొద్దు” అన్నాడు.

నా పేరు, కార్డు మీద! మా చుట్టాలు నా వెనక నన్ను ‘కట్టెల యాదయ్య’ అంటారని నీకు తెలుసు. వాళ్లంతా ప్లాట్లు కొన్నారు, నేను విల్లులు కొన్నాను. ఏ శుభకార్యానికి పోయినా నన్ను చూసి ఒకళ్లనొకళ్లు గిల్లుకుంటారు. ఒక్కసారి వాళ్లందర్నీ తీసుకుపోయి ఆ గాజు పెట్టె ముందు నిలబెట్టాలని ఉంది బర్కత్. ఇంతకంటే నాకేమీ అక్కర్లేదు.

ఇంకో మాట. పెద్ద విల్లుకు నారి ఎక్కించాలంటే ఒకడు మోకాలు పెట్టి వంచాలి, ఇంకొకడు సరిగ్గా అదే క్షణాన తాడు తగిలించాలి. ఆ సాయానికి మొన్న భారతమ్మను పిలిచాను. “నువ్వు వంచితె గదా నేను తగిలిచ్చేది? విల్లు కంటె నువ్వే ఎక్కువ వంగుతున్నవ్” అంది. విల్లు చేయి జారి ఎగిరి పప్పు గిన్నెలో పడింది. ఇప్పుడు నా గోడ మీద అన్నీ నారి లేకుండా వేలాడుతున్నాయి. ఇది నీకు చెప్పాల్సిన పనిలేదు, ఊరికే రాశాను.

కింది సగం పంపించు.
యాదయ్య

*

శంషాబాద్,
శుక్రవారం

యాదన్నా,

నవీన్‌కుమార్ సాబ్ మా ఇంటికి గూడ వచ్చిండు. నా సగాన్ని చూసి సోఫాల కూలవడ్డడు. ఆయనకు కూలవడుడు అలవాటే ఉన్నట్టుంది.

మస్తు ఆలోచించిన. ముప్పై ఏండ్ల దోస్తీ ఎక్కడ, ఒక్క ఇనుప ముక్క ఎక్కడ? ఇయ్యాల జుమ్మా నమాజ్ చదువుకొని వచ్చి కింది సగాన్ని కొత్త షామియానా బట్టల చుట్టిన. సకీనా చేతికిచ్చి పంపుతున్న. ఇగ రెండు సగాలు నీయే. బిగించుకో, గాజు పెట్టెల పెట్టించుకో, కార్డు మీద నీ పేరు రాయించుకో. మీ చుట్టాల మొహాలు ఎట్లయితయో చూడనీకె నేను గూడ వస్త, దూరం నిలవడి చూస్త.

నాకేం వద్దు. దిల్ సాఫ్ అయ్యింది.

నీ బర్కత్

*

కొత్వాల్‌గూడ,
శుక్రవారం

ప్రియమైన బర్కత్ భాయ్,

ఈసారి ‘ప్రియమైన’ కావాలనే రాశాను.

నీ నుంచి జవాబేదీ రాకముందే ఇది పంపుతున్నాను, ఎందుకంటే మనసు మారకముందే మంచి పని చేసెయ్యాలి. నా పై సగాన్ని నీకిచ్చేస్తున్నాను. నా రిటైర్మెంటు రోజు కప్పిన శాలువాలో చుట్టాను. భారతమ్మ సాయంత్రం మార్కెట్లో సకీనాకు అందిస్తుంది. విల్లు నీదే, కార్డు మీద పేరూ నీదే. మా చుట్టాలు ఇన్నాళ్లు నవ్వారు, ఇంకొన్నాళ్లు నవ్వుతారు, ఏం పోయింది?

నువ్వు సుఖంగా ఉండటమే నాకు కావాల్సింది.

ఎప్పటికీ నీ,
యాదయ్య

*

శంషాబాద్,
మంగళవారం

యాదన్నా,

ఇదేం ముచ్చటనే! సకీనా, భారతక్క ఇద్దరు మార్కెట్‌ల చెరొక మూట పట్టుకొని ఎదురుపడ్డరంట. నా సగం మీ ఇంటికి, నీ సగం మా ఇంటికి. ఇద్దరు వంకాయల బండి కాడ నిలవడి నవ్వలేక సచ్చిండ్రంట. మొత్తానికి మళ్ల ఇద్దరి కాడ చెరొక సగమే మిగిలె!

నీ శాలువ చూసినంక కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఒట్టు.

ఒక్క చిన్న ముచ్చట. నీ సగానికి మర జర గట్టిగ ఉన్నదేంది? ఒక్క చుట్టు తిరిగి ఆడనే ఆగుతుంది. కొబ్బరి నూనె పోసిన, కాళ్లతోని పట్టి తిప్పిన, తిరగదాయె. నీ ఇంట్ల ఏమన్న తేమకు ఖరాబైందా? మునుపు మంచిగనే తిరుగుతుండె గద.

పరేషాన్‌ల ఉన్న,
బర్కత్

*

కొత్వాల్‌గూడ,
గురువారం

బర్కత్ భాయ్,

నీ సగం నాకు పంపేశావు. మరి నా సగాన్ని దేనికి బిగించి చూశావు?

నిన్న మధ్యాహ్నం ఈ వాక్యం రాసి, దొరికావురా అని గట్టిగా నవ్వుకున్నాను. అసలుది దాచుకుని నాకు దొంగ ముక్క పంపావన్నమాట! భారతమ్మ అన్నం తింటున్నది తలెత్తి, “మరి పొద్దటి సంది నీ చేతుల గా రెండు ముక్కలేంది?” అంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇక దాచి లాభం లేదు. నీకు పంపింది నేను చేయించిన ముక్క. అసలు పై సగం నా దగ్గరే ఉంది. నువ్వు పంపినదాన్ని దానికి బిగిద్దామని చూస్తే నాకూ ఒక్క చుట్టే తిరిగింది.

అప్పుడే రెండింటినీ సంచిలో వేసుకుని మంఖాల్‌లో లేత్ మిషన్ కుర్మయ్య దగ్గరికి పోయాను. మర సరిచేయమని నువ్వు పంపిన సగం చేతికిచ్చాను. చూడగానే, “ఇది నా చేతి పనే గద సార్! బర్కత్ సాబ్ చేయించుకపోయిండు” అన్నాడు.

“నా ముక్క కూడా నువ్వే చేశావు కదయ్యా, నేను తీసుకుపోయేటప్పుడైనా నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“మీది ఆయనకు చెప్పిన్నా? ఒక గిరాకి ముచ్చట ఇంకొక గిరాకికి చెప్పుడు నాకు అలవాటు లేదు సార్. మీరు సోమవారం వచ్చిండ్రు, సాబ్ మంగళవారం వచ్చిండు. ఇద్దరు ఒక్కటే మాట అన్నరు, అచ్చం పాతదాని లెక్క కనవడాలె అని. వెండి తీగ కాడ తగరం తీగ కొట్టిన.”

మర కథ కూడా అతనే విప్పాడు. అసలు సగాలకు ఉన్నది ఏనాడో చేత్తో కోసిన మర. కుర్మయ్య కోసింది మిషన్ మర. అందుకని పాతవి రెండూ ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి, కొత్తవి రెండూ కూర్చుంటాయి. పాతదానికి కొత్తది మాత్రం చచ్చినా కూర్చోదు. ఇదంతా చెబుతూ ఎందుకో కుర్మయ్య మీసాల్లో నవ్వుకున్నాడు.

నువ్వొక దొంగవు, నేను నీకంటే ఒకరోజు ముందు దొంగను. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను. ప్రదర్శన రేపే మొదలు. విల్లూ లేదు, కార్డూ లేదు. మా బావమరిది నిన్న ఫోన్ చేసి, “ఏం బావా, కట్టెలు ఎట్లున్నయి?” అని అడిగాడు. బాగానే ఉన్నాయని చెప్పాను. ఏం చెప్పను మరి?

నీ మొహం చూడలేని,
యాదయ్య

*

శంషాబాద్,
శనివారం

యాదన్నా,

కూసోని చదువు. నిలవడి చదివితే నువ్వు గూడ నవీన్‌కుమార్ లెక్క కూలవడ్తవ్.

నిన్న ప్రదర్శనకు పోయిన. హాలు నడుమ గాజు పెట్టె. పెట్టెల మొత్తం ఉక్కు విల్లు. నాకు గుండె ఆగినంత పనైంది. నువ్వు నా ఇంట్లకెల్లి దొంగతనం చేసినవా అనుకున్న, మాఫ్ చెయ్. కార్డు చదివిన: ‘పాతకాలపు ఉక్కు విల్లు. సొంతదారు కుర్మయ్య, మంఖాల్.’

నీకొకటి, నాకొకటి చేసిండు గద, ఆ కొలతలతోనే తనకు రెండు సగాలు చేసుకున్నడు. చింతపండు నీళ్లల్ల నానవెట్టి తుప్పు పట్టించిండంట, నా చెవులనే చెప్పిండు. కొత్త అంగి ఏస్కొని, నుదుట బొట్టు పెట్టుకొని, వచ్చినోళ్లకు దండం పెడ్తున్నడు. “మా తాతల నాటిది” అంటున్నడు. మీ చుట్టాలు గూడ వచ్చిండ్రు. నీ బామ్మర్ది కుర్మయ్య భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగిండు. నా పాణం ఉసూరుమన్నది.

దొంగదని అరుద్దామంటే, నీకెట్ల తెల్సు అని అడుగుతరు. అప్పుడు మన బతుకు బజార్ల వడ్తది.

గని, యాదన్నా, నవీన్‌కుమార్ పరేషాన్‌ల ఉన్నడు. రేపు ఆఖరి రోజు, ఆ విల్లుకు నారి ఎక్కించి అందరికి చూపెట్టాలని ఆయన కోరిక. కుర్మయ్య వంచవోతే అది వంగదాయె. అది లారీ కింద బరువు మోసే కమాన్ కట్ట ఉక్కు! “మీలో ఎవరికైనా వస్తుందా?” అని మైకుల అడుగుతున్నడు.

రేపు నీ అసలు సగం పట్టుకొని రా. నా అసలు సగం నేను తెస్త. దొంగయి ఇంట్లనే పెట్టు. అందరి ముందట బిగిద్దాం, నారి ఎక్కిద్దాం. ఏది అసలుదో మనం చెప్పే పనే ఉండదు.

నేను గూడ మొన్న కొమ్ము విల్లుకు ఒక్కన్నే నారి ఎక్కించవోయిన. తిరగదన్ని చెంప వాచింది. సకీనాకు మెట్ల మీద వడ్డ అని చెప్పిన. నీకే ఎందుకు అబద్ధం? నువ్వు లేకుంట నాతోని అయితలేదు. ఇంటి నిండ విల్లులున్నయి, ఒక్కదాన్ని ముట్ట బుద్ధయితలేదు. నువ్వు మస్తు యాదికొస్తున్నవ్.

ఒట్టు సంగతంటవా, మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నది నువ్వు. అంతగ అయితే కండ్లు మూస్కొని నిలవడు, నేను మోకాలు పెట్టి వంచుత, నారి ఎక్కడ తగిలియ్యాలెనో నీ చేతులకు ఎర్కనే.

కార్డు మీద నీ పేరే పైన రాయించు. నాది కింద రాయించు. మరీ చిన్నగ మాత్రం రాయించకు.

పొద్దుగాల హాలు దర్వాజ కాడ నిలవడి ఉండే,
నీ బర్కత్