ఫస్ట్ క్లాస్, సార్!

మిసౌలా, మార్చి 4

ప్రియమైన అమ్మకి,

ఫోన్ చేస్తే "బాగున్నా" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం. సైన్యం వాళ్ళ వైకల్య భత్యం నీకు ఈసారి కూడా రాదన్నారట. ఆ సంగతి చెప్పింది కూడా నువ్వు కాదు, పక్కింటి లోర్నా ఆంటీ! సైన్యం ట్రక్కుల కింద పడుకుని పనిచేసినప్పుడే కదా నీకీ కీళ్ళవాతం మొదలైంది? ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. భత్యం కోసం నిన్ను పరీక్షించిన డాక్టరేమో "మనిషి చక్కగా ఉంది, బాధలేమీ లేవంది" అని రాశాడు. అసలు ఆయనతో ఏమన్నావ్? భత్యం రాకపోతే ఆ చేతులతోనే గారేజీలో ఇంకా రెంచీ తిప్పాలి, తెలుసా?

ఒళ్ళు మండిపోతున్న
కోరిన్

గ్లెండైవ్, మార్చి 27

బంగారం,

ఏమంటాను? "ఎలా ఉన్నారు సార్జెంట్?" అన్నాడు. "ఫస్ట్ క్లాస్, సార్!" అన్నాను. పలకరించిన పెద్దమనిషికి నొప్పులు ఏకరువు పెడతారా? చొక్కా ఇస్త్రీ చేసుకుని, బూట్లు పాలిష్ కొట్టి, పావుగంట ముందే వెళ్ళాను. అదీ తప్పేనా? ఒంట్లో బాగాలేదన్నవాళ్ళని మా దళంలో ఎలా చూసేవాళ్ళో నీకేం తెలుసు! నా చేతిరాత చూడు, ఎక్కడైనా వణికిందా?

విసిగించకు.
అమ్మ

మిసౌలా, ఏప్రిల్ 1

సార్జెంట్ అమ్మగారికి,

అది పలకరింపు కాదు తల్లీ, పరీక్ష! నువ్వు వెళ్ళి కవాతు చేసి వచ్చావు. రాత ముత్యాల్లాగే ఉంది, ఒప్పుకుంటాను. మరి ఆ నాలుగు ముక్కలకి ఇన్నాళ్ళెందుకు పట్టింది? నిన్ను మళ్ళీ పరీక్షకి పిలిచారని లోర్నా ఆంటీ చెప్పింది, పొద్దున్న మంచం దిగేటప్పుడు ఎలా ఉంటావో అలాగే వెళ్ళు. ఇస్త్రీపెట్టె ముట్టుకున్నావో, నీతో మాట్లాడను.

నీ మొండి కూతురు
కోరిన్

గ్లెండైవ్, జూన్ 20

ప్రియమైన కోరీ,

కంగారుపడకు, ఈ రాత లోర్నాది. నేను చెబుతుంటే రాస్తోంది, మధ్యమధ్యలో ముక్కు చీదుతోంది. అది రాయక్కర్లేదే అన్నా రాసేసింది.

ఇన్నాళ్ళెందుకు పట్టిందని అడిగావుగా. వేళ్ళు తెరుచుకునే రోజు కోసం ఆగేదాన్ని. నువ్వు చూసిన ముత్యాలన్నీ ఆ రోజులవి. మిగతా రోజులు నీకెప్పుడూ పోస్టు చెయ్యలేదు.

పరీక్ష రోజు చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి వేళ్ళు వంగలేదు. పైన కోటు కప్పుకుని వెళ్ళాను. ఈసారి డాక్టరమ్మ. "ఎలా ఉన్నారు?" అంది. "ఫస్ట్ క్లాస్, మేడమ్!" అనేశాను. పాడు అలవాటు! తోడొచ్చిన లోర్నా నా కాలు తొక్కింది. వాచిన కాలే దొరికింది దానికి. కెవ్వుమన్నాను. ఆ తర్వాత నోరు ఆగలేదు. డాక్టరమ్మ కూడా అడ్డు రాలేదు.

నిన్న భత్యం మంజూరైంది. ఇక రానని గారేజీలో చెప్పేశాను.

ఇవాళ మంచి రోజేం కాదు. అయినా ఆగబుద్ధి కాలేదు. కింద వంకర సంతకం మాత్రం లోర్నాది కాదు, నాది.

అమ్మ