కాళ్ల మిషన్, చేతుల మిషన్

అశోక్ నగర్,
జూన్ 9

ప్రియమైన నానమ్మకు,

ఫోన్ చేస్తే మళ్లీ అరుచుకుంటమని రాస్తున్న. మన ఇంట్లో, ఈ హాస్టల్లో రెండు చోట్లా పనిచేసే కిష్టమ్మ ఈ ఉత్తరం తెస్తది.

చెప్పకుండా ఆటో ఎక్కిన. చెబితే ఎక్కనిచ్చేదానివా? కోచింగ్ ఇక్కడికి రెండు గల్లీల అవతల. గది కింది అంతస్తులోనే, నా చక్రాల కుర్చీ తలుపులోంచి పడుతది. ఒక్కటే పరేషాన్. వార్డెన్ మేడం, "అమ్మా, నిన్ను ఎత్తి దించనీకి నా దగ్గర మనుషుల్లేరు. కుర్చీలకెల్లి మంచం మీదికి నీ అంతట నువ్వు ఎక్కాలె. జులై నాలుగు దాకా చూస్త. రాకుంటే ఇంటికి పోవుడే" అన్నది. ఇప్పటికైతే రూమ్మేట్ మనీష ఎత్తుతున్నది, పాపం.

సజ్జ మీద చేతుల మిషన్ ఉంది కదా, బల్ల మీద పెట్టి చేతులతో పెడళ్లు తిప్పేది. ఫిజియోథెరపీ మురళీకృష్ణ సార్ పోయినేడు తెప్పించింది. అది పంపు. కాళ్ల మిషన్ వద్దు.

నీ
తన్మయి

చిక్కడపల్లి,
జూన్ 11

చిరంజీవి తన్మయికి ఆశీస్సులు.

నీకు కావలసిన వస్తువు గురించి రాశావు. నేను ఎలా ఉన్నానని ఒక్క ముక్క రాయలేదు.

స్కూటీ ప్రమాదం తరువాత మీ అమ్మానాన్నలు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగాలకు తిరిగి వెళ్లారు. నిన్ను నేను చూసుకున్నాను. కాళ్ల మిషన్‌కు నీ పాదాలు కట్టి, మోటారు వేసి, రోజుకు తొమ్మిది వందల చుట్లు. నాలుగు వందల పన్నెండు రోజులు. నోట్‌బుక్‌లో మొత్తం మూడు లక్షల డెబ్బై వేల ఎనిమిది వందలు. నాకు జ్వరం వచ్చిన రోజు కూడా మానలేదు. నువ్వు వెళ్లిపోయిన జూన్ నాలుగు నుంచి సున్నాలు వేస్తున్నాను.

నీ చేతులు బాగానే ఉన్నాయి. బాగున్నవాటికి కసరత్తు దేనికి? చేతులతో బతకడం అలవాటైతే కాళ్ల మీద ఆశ వదిలేస్తావు. మిషన్ పంపను. ఆదివారం లోపు ఇంటికి రా.

నీ మేలు కోరే
నానమ్మ, మనోరమ

అశోక్ నగర్,
జూన్ 24

నానమ్మకు,

వారం నుంచి నారాయణగూడలో మురళీకృష్ణ సార్ క్లినిక్‌కు పోతున్న. అక్కడి చేతుల మిషన్ తిప్పుతున్న. ఇవాళ సార్‌ను అడిగిన: "ఇరవై రోజులు కాళ్ల మిషన్ మానిన, నడక ఎంత వెనకబడుతది సార్?"

సార్ పెన్ను పక్కన పెట్టి, "మీ నానమ్మగారు చెప్పలేదా?" అన్నడు.

చెప్పిండు, అంతా. కాళ్ల మిషన్ ఇంటికి వచ్చిన రోజే నీకు తెలుసట. నా కాళ్లు రావు. కీళ్లు బిగుసుకుపోకుండా ఉండటానికే ఆ మిషన్. నేను బతకాల్సింది చేతులతోనే. "పిల్లకు నేనే చెప్తాను, మీరు చెప్పకండి" అన్నవట.

మోటారు తిప్పిన చుట్లు నా పేరు మీద రాసినవు. రోజూ రాత్రి కాలి వేలు కదిలిందేమో అని చూసుకునేదాన్ని, తెలుసా?

మొన్న పొద్దున కుర్చీకి మంచానికి నడుమ పడిన. వార్డెన్ చూసింది. నాకు ఒక్కటే చెప్పు. తెలిసి ఎందుకు లెక్కపెట్టినవు?

తన్మయి

చిక్కడపల్లి,
జూన్ 26

తన్మయీ,

అడిగావు కనుక చెబుతాను.

మొదటి రోజు చెప్పడానికి నోరు రాలేదు. తరువాత చెప్పాలని అనుకోలేదు.

నడుముకు బెల్టు కట్టుకుని రోజుకు ఆరుసార్లు నిన్ను ఎత్తాను. ఎత్తేటప్పుడు రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసేదానివి. అంతకు ముందు నువ్వు నన్ను అట్లా పట్టుకున్నది ఎనిమిదో ఏట. ఎక్కం తప్పు చెప్పావని కొట్టాను, ఆ తరువాత నా దగ్గరికి రావడం మానేశావు. నేనూ పిలవలేదు. పిలవడం నాకు చేతకాదు. నీ చేతులకు బలం వస్తే నాతో పని ఉండదని నాకు తెలుసు. అందుకే ఆ చేతుల మిషన్ పెట్టె సజ్జ మీద పడేసి, నువ్వు నడుస్తావనే ఆశ చూపించాను.

చేతుల మిషన్ కిష్టమ్మతో పంపుతున్నాను. పెట్టె కూడా విప్పలేదు. జులై నాలుగున నువ్వు ఎక్కలేకపోతే ఇంటికి వస్తావు. ఎక్కలేకపోవాలనే కోరిక నాలో ఉంది. అది కూడా దాచను.

మనోరమ

అశోక్ నగర్,
జులై 5

నానమ్మకు,

నిన్న ఎక్కిన. వార్డెన్ మేడం తలుపు దగ్గర నిలబడి చూసింది. మొదటిసారి జారిన, "అయితదా కాదా?" అన్నది. "ఆగుండి మేడం" అని రెండోసారి ఎక్కిన. భుజం వాచింది. మనీష గది గది తిరిగి అందరికీ చెప్పి వచ్చింది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. నేను పడిపోవాలని నువ్వు కోరుకున్న మాట దగ్గర మూడుసార్లూ ఆగిన. కొన్నాళ్లు నాకు రాయకు. అమ్మానాన్నలకు నువ్వే చెప్పు, ఉన్నది ఉన్నట్టు.

మంచం మీద కూర్చున్నంక రెండు చేతులూ ఎక్కడ పెట్టాలో తోచలేదు, నిన్న ఎక్కిన ఆరుసార్లూ అట్లనే అయింది.

అందుకని తిరిగి వస్తాననుకోకు.

తన్మయి