కరపత్రాల వెనక పిట్టలు

తప్పు నీదే సుశీలా. బొమ్మలు వేసుకోవడానికి నా కరపత్రాల వెనక వైపే దొరికిందా నీకు?

"పంచగా మిగిలినవే కదండీ" అనేదానివి. యూనివర్సిటీ క్వార్టర్స్ పెరట్లో జామచెట్టు మీద వాలిన ప్రతి పిట్టనూ రంగు పెన్సిళ్ళతో వాటి మీదే వేశావు. ఫీజుల పెంపు మీద నేను మండిపడుతుంటే, పికిలిపిట్ట తోక కింద ఎరుపు కుదరలేదని నీ బాధ. వెక్కిరించాను. ఒక్క బొమ్మా సరిగ్గా చూడలేదు. వేసినవాటిని మళ్ళీ అదే కట్టలో పెట్టి అటకెక్కించావని నాకెలా తెలుస్తుంది?

నిన్నటికి నువ్వు పోయి ఏడాది. నిన్నే తార్నాక చౌరస్తాలో ధర్నా. కొత్త కరపత్రాలు ప్రెస్సు నుంచి రాలేదు. అటక మీది కట్ట దించి, నా చేతులతో నేనే పంచాను. కట్ట అయిపోయాక మా డిపార్ట్‌మెంట్ యాదగిరి, బస్సెక్కబోతున్న ఒకాయన చేతిలోది తిప్పి చూశాడు.

"అన్నా, ఎనకాల గీ పిట్టలేంది? ఇయ్యాల నీ కరపత్రం ఒక్కడూ పారేస్తలేడు!"

ఆయనెక్కిన లాలాపేట్ బస్సు వెంట పరుగెత్తాను. అందలేదు. పల్లీల బండి దగ్గర ఒకటి పొట్లమై కనిపించింది.

"గింత పిట్టకు గంత లొల్లా సార్? తీస్కపో" అన్నది బండామె.

విప్పితే సగం పికిలిపిట్ట. తోక వైపు లేదు. దొరికింది అదొక్కటే.

రేపు కొత్త కరపత్రం వేస్తున్నాను. డిమాండ్లు ఇవి:

ఒకటి, పిట్ట బొమ్మ అందినవాళ్ళు మా క్వార్టర్‌కు తెచ్చివ్వాలి.

రెండు, చిరిగినా, నూనె మరకలైనా తెచ్చివ్వాలి.

మూడు, ఇవ్వడానికి మనసొప్పనివాళ్ళు గోడకు అంటించుకోవాలి. బొమ్మే కనబడాలి, నా రాత గోడవైపు ఉండాలి.