చార్టులో ఐదో గడి

నల్లమాడ,
ఆదివారం మధ్యాన్నం

అమ్మకు హేమ దండం పెట్టి రాస్తాండే జాబు.

ఈడ నాయన, అవ్వ, నేను బాగుండామని మొదట రాయల్ల కదా, అట్లే రాస్తాండా. నువ్వు ఆడ బాగుండావని, నీ చేతుల మీద సబ్బునీళ్ళకు లేచిన పుండ్లు మానిపోయినాయని అనుకుంటాండాం. రూతత్త సెలవు అయిపాయ. రేపు పొద్దున బెంగుళూరు పోయి కువైట్ విమానం ఎక్కుతాదంట. మీ వీధిలోనే పని కాబట్టి ఈ జాబు నీ చేతికే ఇస్తానని చెప్పింది. "ఈ పొద్దు సాయంత్రానికల్లా ఇచ్చేయ్ పాపా. మీయమ్మకు ఊరగాయ, మా చెల్లెలికి చింతపండు, నీదేమో పుస్తకమంత జాబు. నా గుడ్డలు ఈడే ఇడిసిపెట్టి పోవల్ల నేను" అని నగింది.

శుక్రవారం ఫోన్లో చెప్పకుండా జాబు ఎందుకంటావేమో. మీ మేడం నీకు ఫోన్ ఇచ్చేదే అర్ధగంట. ఈడ నాయన స్పీకర్ పెడతాడు. అవ్వ మధ్యలో దూరి అరుస్తాది. పక్కింటోళ్ళు గోడ మీద నుంచి "ఎప్పుడొస్తావు మే" అంటారు. ఆ గలాటాలో నేను "తిన్నా మా, బాగుండా మా" అనేది తప్ప ఇంకేమీ అనలేను. నాకు ఒకటి చెప్పేది ఉండాది మా. రెండు నెలల నుంచి గొంతులో పెట్టుకోని తిరుగుతాండా. చెప్తే మీరిద్దరూ ఏమైపోతారో అని భయం. చెప్పకపోతే నేనేమైపోతానో అని ఇంకా భయం. కొంచెం ఓర్చుకో. మొదట నువ్వు పోయిన జాబులో అడిగినవాటికి చెప్తా.

అవ్వ కంటి ఆపరేషన్ అయింది. కదిరిలో క్యాంపు పెడితే నాయన పిల్చుకోని పోయినాడు. నల్లద్దాలు నెల పెట్టుకుంటే చాలన్నారు. రెండు నెలలైనా తీయదు. ఆ అద్దాలు పెట్టుకోని కోళ్ళను తరుముతాంటే ఎవురో మంత్రి మన వాకిట్లోకి వచ్చినట్లుంటాది. "ఈ పొద్దన్నా తీయవ్వా" అంటే "నీకేం పోయె, నా మొగం నా అద్దాలు" అంటాది.

వాన అడిగినావు. విత్తనం ఏసినప్పుడు ఒక పదును పడింది. అంతే. మళ్ల నలభై దినాలు చుక్క లేదు. శెనక్కాయ చెట్లు జానెడు లేచి పచ్చగా కాకుండా పసుపు రంగుకు తిరిగినాయి. పోయిన వారం నేను కూడా చేనికి పోయినా. నాయన ఒక చెట్టు పెరికి చూసినాడు. రెండు కాయలు, అవీ లొట్టవి. మట్టి దులిపి, మళ్ల ఆ చెట్టును అదే గుంతలో పెట్టి కాలితో అదిమినాడు. అది బతకదని ఆయనకు తెలుసు. బోర్లు మాత్రం ఇంక ఏయనని చెప్పినాడు.

నా చదువు బాగుండాది. టెన్త్‌లో సైన్సుకు, ఇంగ్లీషుకు నేనే ఫస్టు.

నాలుగోది సూది. "సూది ఎన్నోది వేయించుకున్నావు, ఎడమ పక్కా కుడి పక్కా, నొప్పి ఎన్ని దినాలుండాది" అని అడిగినావు. దానికి కడాన చెప్తా.

ముందు మంచి సంగతి చెప్తా. మండలం సైన్స్ ఫెయిర్లో నాకు ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. మా సైన్స్ మేడం పద్మజ గారు ఒకనాడు క్లాసులో "ఏఐ అంటే ఏమిటి?" అని అడిగింది. అందరూ కంప్యూటర్, రోబో అంటాంటే తిప్పేష్ లేచి, "మేడం, మా ఊర్లో ఏఐ అంటే పశువుల డాక్టరు స్కూటర్లో తెచ్చేది. ఎద్దు లేకుండానే ఆవుకు సూడి కట్టిస్తాడు" అన్నాడు. క్లాసంతా బల్లలు కొట్టి నగినారు. మేడం నగలా. "వాడు చెప్పిందీ కరెక్టే. ఒక పొట్టి పేరు ఒక్కో సైన్సులో ఒక్కో అర్థంతో తిరుగుతాది. పరిశోధన చేసేవాళ్ళు కూడా తికమక పడతారు. ఒక్కొక్కరు ఒక్కో పేరు తీసుకోని, అది ఎన్ని సైన్సుల్లో ఉండాదో వెతికి చార్టు చేయండి" అనింది. ఒకడు పీసీఆర్ తీసుకున్నాడు, ఒకామె ఎంఎస్ తీసుకునింది. నేను ఆర్.హెచ్.డి. కావాలని అడిగినా. "అది నీకు యాడ దొరికింది?" అనింది మేడం. "యాడనో చూసినా మేడం" అన్నా.

చార్టులో ఐదు గడులు గీసినా. మొదటిది నెత్తురు చదివేవాళ్ళది. వాళ్ళకు ఆర్.హెచ్.డి. అంటే మన గ్రూపు పాజిటివా నెగటివా అని తేల్చే జీను. రెండోది పశువుల డాక్టర్లది. కుందేళ్ళకు వచ్చే జబ్బు అది, తగిలిన కుందేలు రెండు మూడు దినాల్లో సచ్చిపోతాది. మూడోది నక్షత్రాలు చదివేవాళ్ళది. నక్షత్రం లోపల వెలుతురు తోస్తాంటే, కాలిపోయే గాలి నీళ్ళ మాదిరి ఎట్ల పారుతాదో లెక్క కట్టే శాస్త్రం. నాలుగోది కార్లు తయారుచేసే ఇంజనీర్లది, కుడి పక్క స్టీరింగు ఉండే బండి. ఐదోది గుండె డాక్టర్లది. నాలుగు గడుల్లో బొమ్మలు వేసినా. నెత్తురు చుక్క, కుందేలు, నక్షత్రం, స్టీరింగు. ఐదో గడిలో మాత్రం చిన్న అక్షరాలతో పేరు రాసి ఇడిసిపెట్టినా.

చూసే దానికి వచ్చిన పెద్ద సారు ఒకాయన, "మరి ఒక కాయితంలో ఈ మూడక్షరాలు కనపడితే ఏ అర్థమో ఎట్ల తెలుస్తాది?" అని అడిగినాడు. "రాసింది ఎవురు, ఎవురిని చూసి రాసినారు అని చూస్తే తెలుస్తాది సార్" అన్నా. ఆయన నా భుజం తట్టినాడు. ఆ మాటకే ప్రైజ్ ఇచ్చినారంట.

నాయన కూడా వచ్చినాడు మా. పెండ్లికి పోయేటప్పుడు ఏసుకునే తెల్లంగీ ఏసుకోని వచ్చినాడు. నా చార్టు ముందర చేతులు కట్టుకోని నిలబడినాడు.

"అన్నీ అవే మూడక్షరాలా పాపా?"

"అవే నాయనా. చదివేవాళ్ళు మారితే అర్థం మారుతాది."

"స్కూల్లో డాక్టరు చూసి నీ చీటీలో రాసినాడే, అదీ ఇదే కదా? దీంట్లో ఏది అది?"

నేను మొదటి గడి మీద వేలు పెట్టినా. "ఇది. నెత్తురు గ్రూపు. పాజిటివ్ అంట."

"మంచిదేనా?"

"మంచిదే నాయనా."

ఆయన ఐదో గడి దాకా వంగి చూసినాడు. "దీనికి బొమ్మ లేదే?"

"టైం చాల్లా నాయనా."

చార్టును ఇంటికి తెచ్చి క్యాలెండర్ పక్కనే మేకులు కొట్టినాడు. ఇంటికి ఎవురొచ్చినా ఆ మొదటి గడి చూపిస్తాడు. "ఇది మా పాప నెత్తురు. డాక్టరే రాసిచ్చినాడు" అంటాడు. మొన్న రూతత్తకూ చూపించినాడు. నేను వంటింట్లోకి పోయి తలుపు ఏసుకున్నా.

ఇంక నీ నాలుగో ప్రశ్న.

నాకు తొమ్మిదేండ్లప్పుడు జ్వరం వచ్చి మోకాళ్ళు వాచినాయి కదా. అనంతపురంలో డాక్టరు నీతో ఏం చెప్పినాడో నాకు బాగా గుర్తుండాది. "ఇది కీళ్ళ జ్వరమమ్మా. ఇప్పటికి గుండె బాగుండాది. ఇరవై ఒక్క దినానికి ఒకసారి ఈ సూది తప్పకుండా వేయించు. మానితే జ్వరం మళ్ల వచ్చి గుండెను పట్టుకుంటాది." నువ్వు ఒక్కసారి కూడా తప్పలా. క్యాలెండర్లో ఇరవయ్యొకటో దినానికి సున్నా చుట్టేదానివి. కదిరి బస్సులో నన్ను ఒళ్ళో పెట్టుకోని పోయేదానివి. వచ్చేటప్పుడు నేను కుంటుతాంటే గుడి కాడ నీడలో కూర్చోబెట్టి పిరుదు రుద్దేదానివి. వచ్చినంక ఆ సున్నాలో టిక్కు పెట్టేది నా పని.

నువ్వు పోయినంక నాయన ఐదుసార్లు నన్ను సూదికి పిల్చుకోని పోయినాడు. చేనిపని ఇడిసిపెట్టి వస్తాంటే నాకే పాపమనిపించి, "నేను పెద్దదాన్ని నాయనా, నర్సమ్మకు నేను తెలుసు, ఒక్కదాన్నే పోతా" అన్నా. మూడుసార్లు పోయినా కూడా. మూడోసారి వచ్చినంక స్కూల్లో కుంటుతాంటే నా పక్క బెంచీ ప్రశాంతి చూసి "ఏమైంది?" అనింది. మెట్ల మీద పడినానని చెప్పినా. వాళ్ళకు తెలిస్తే జబ్బుపిల్ల అంటారని భయం. తర్వాతిసారి బస్సు తప్పిపోయింది. అది నిజ్జంగా తప్పిపోయింది మా. ఇంటికొచ్చి ఊరికే టిక్కు పెట్టినా. ఏమీ కాలా. నొప్పి లేదు, కుంటేది లేదు. ఆ తర్వాతిసారి బస్టాండు దాకా పోయి, గంట కూర్చోని, కుంటుకుంటా ఇంటికొచ్చినా. నాయన వేడినీళ్ళ గుడ్డ పెట్టినాడు, సూది వేసుకోని చోట.

ఇరవై ఆరు టిక్కులు మా. అన్నీ అబద్ధాలే. నువ్వు ఫోన్లో "సూది అయిందా?" అంటే "ఆ" అన్నవి కూడా.

పోయిన ఏడు వానాకాలంలో గొంతు నొప్పి, జ్వరం వచ్చి పది దినాలు మోకాళ్ళు లాగినాయి. ఆటల్లో దెబ్బ తగిలిందన్నా. అవ్వ ఆముదం పూసింది. అప్పుడే తెలిసిపాయ నాకు. తెలిసినా గమ్మునున్నా. చెప్తే అవ్వ ఏమంటాదో నీకు తెలుసు కదా. "బిడ్డను ఇడిసిపెట్టి దేశాలు పోయింది, ఇట్లయింది" అని నిన్నే అంటాది. తప్పు నేను చేస్తే మాట నీకు పడుతాదని నోరు మూసుకున్నా. అట్ల అనుకుంటా ఉంటే అది కూడా నీ కోసమే చేసినట్లు అనిపించేది. కాదు. నా భయం కోసమే చేసినా.

ఆగస్టులో స్కూలుకు డాక్టర్లు వచ్చినారు. అందరికీ స్టెతస్కోపు ఒక నిమిషం పెడితే నాకు చాలాసేపు పెట్టినాడు. పడుకోబెట్టి, ఎడమ పక్కకు తిప్పి, మళ్ల పెట్టినాడు. "సూదులు వేయించుకుంటాండావా?" అన్నాడు. "ఆ" అన్నా. ఆయనకు కూడా అబద్ధమే. చీటీ మీద ఆర్.హెచ్.డి. అని రాసి, రెండు వారాల్లోపల అమ్మానాయనలతో అనంతపురం పోయి గుండె స్కాన్ తీయించుకోమన్నాడు. సాయంత్రం నాయన చీటీ తిప్పి తిప్పి చూసి, "ఏం రాసినారు పాపా?" అన్నాడు. మన ఇంట్లోకి వచ్చే ఇంగ్లీషు కాయితాలన్నీ నేనే కదా చదివేది. కరెంటు బిల్లయినా, బ్యాంకుదైనా నేను ఏం చెప్తే అదే. నెత్తురు గ్రూపు అన్నా.

తర్వాత నెట్లో వెతికినా. చార్టు కోసం కాదు మా. ఆ మూడక్షరాలకు ఇంకేదన్నా అర్థం ఉంటే అది నాది కావాలని వెతికినా. కుందేళ్ళు దొరికినాయి, నక్షత్రాలు దొరికినాయి. ఎన్ని దొరికినా చీటీ పైన నా పేరే ఉండాది, నాది ఐదో గడే, కీళ్ళ జ్వరం గుండెను పట్టుకునే జబ్బు. ఆ సారుకు చెప్పిన జవాబు నాకు ముందే తెలుసు.

ఇప్పుడు స్కూల్లో రెండో అంతస్తు ఎక్కేతలికి ఊపిరి అందదు. మధ్యలో ఆగి బూటు లేసు కట్టుకున్నట్లు వంగుతా. పడుకుంటే ఆయాసం వస్తాదని అవ్వ దిండు కూడా నేనే పెట్టుకుంటాండా. అవ్వ దొంగముండా అని తిడుతాది. స్కాన్ తీస్తే ఏం చెప్తారో తెలీదు. సూదులు మళ్ల మొదలుపెట్టల్ల, అది తెలుసు. సచ్చిపోతానేమోనని భయంగా ఉండాది మా. ఇది ఎవురికీ చెప్పలా, నీకే మొదట.

నన్ను తిట్టు. నువ్వు పోయినావని నేను మానలా, అది మాత్రం నమ్ము. పని ఇడిసిపెట్టి పరిగెత్తుకోని రావద్దు. రావద్దని రాస్తాండా కానీ, రావల్లనే ఉండాది.

నాయన చేని నుంచి వచ్చినాడు. కాళ్ళు కడుక్కోని వచ్చి నా ఎదురుగ్గా కూర్చున్నాడు. "అయిపాయనా? ఇంక చదువు" అంటాండాడు. నీకు తెలుసు కదా, జాబు అంటించే ముందర ఆయనకు చదివి వినిపించల్ల, ఆయన కింద బయ్యన్న అని సంతకం పెట్టల్ల. పోయినసారి నేను కొన్ని దాటేసి చదివితే, "మూడు కాయితాలు రాసినావు, ఇంతేనా?" అన్నాడు. అప్పుడు నగి ఊరుకున్నా.

ఈ పొద్దు కూడా దాటేసి చదవల్లనే అనుకోని రాసినా మా. కానీ ఆయన చార్టు వైపు చూసి, ఆ ఐదో గడిని చూసి, "దానికి కూడా ఏదన్నా బొమ్మ ఎయ్యి పాపా, బోసిగా ఉండాది" అన్నాడు ఇప్పుడే.

రాసింది రాసినట్లే చదువుతా. కింద నాయన సంతకం ఉంటే మొత్తం చదివినానని తెలుసుకో. ఎప్పుడూ గీత దాటి కిందికి జారిపోతాదే, ఆ సంతకం. అది లేకపోతే నాకు ధైర్యం చాల్లేదని అర్థం. అప్పుడు శుక్రవారం నువ్వే ఆయనకు చెప్పు.

ఇట్లు,
నీ బిడ్డ
హేమ

బయ్యన్న