సామ్యేలు గారి రోజు

నవంబరు 3, సోమవారం

షెడ్డులో ఆరు హార్వెస్టర్లు. నాలుగు పలకవు. ఆర్నెల్లు టార్పాలిన్ కింద పడి ఉన్నాయి కదా, ఇవాళ స్టార్ట్ చేస్తే ఒకటి దగ్గింది, ఒకటి నల్లపొగ కక్కింది, మిగతా రెండూ ఆ మర్యాద కూడా చేయలేదు. వైరింగు ఎలుకలు కొరికేశాయి. కిందటి సీజన్ మెకానిక్‌లు ఇద్దరూ కాకినాడ పోర్టుకి చెక్కేశారు.

మొన్నటి తుఫానుకి పెనుగొండ చుట్టుపక్కల సగం చేలు పడిపోయాయి. పడ్డ చేను కోత ఆలస్యం చేస్తే కంకి మీదే మొలకలొస్తాయి. ఇరవయ్యో తారీఖుకి మిషన్లు పొలంలో ఉండాలన్నారు మా ఓనరు పల్లంరాజు గారు. మెకానిక్‌కి జీతం ఎంత పెట్టాలో నన్నే తేల్చమన్నారు. ఈ అద్దె మిషన్ల యార్డులో మేనేజరూ నేనే, హెచ్ఆరూ నేనే, టీ చెప్పేదీ నేనే కదా.

నవంబరు 4

పొద్దుట్నుంచీ ఫోన్లు. రాజమండ్రి ట్రాక్టర్ డీలర్ల దగ్గర ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది వేలు. కాకినాడలో ముప్పై ఎనిమిది, ఓటీ వేరే. ఎక్సెల్‌లో మూడు గ్రేడులు చేసి రంగులు కూడా వేశాను. పల్లంరాజు గారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, పాతిక దాటితే గుండె దడొస్తుందమ్మా లావణ్యా అన్నారు. దడకి మాత్ర ఉందండి, మొలకలకి లేదు అన్నాను. చివరికి నలభై ఐదు దాకా వెళ్ళమన్నారు. నా నోరు చూస్తే ఒక్కోసారి నాకే ముచ్చటేస్తుంది.

నవంబరు 7

ఐటీఐ పాసైన కుర్రాళ్ళిద్దరు వచ్చారు. ఒకడు ఇంజను మూత ఎత్తకుండానే జీతం అడిగాడు. ఇంకొకడు ఎత్తి, చూసి, దించేసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వాడే నయం.

డ్రైవర్లందరిదీ ఒకటే మాట. సామ్యేలు వస్తేగానీ ఇవి లేవవట. మార్టేరు వెళ్ళే దారిలో లూథరన్ చర్చి పక్కన రేకుల షెడ్డు. వయసు యాభై ఎనిమిది.

నవంబరు 8

సామ్యేలుకి ఫోన్ చేశాను. నువ్వు ఎప్పుడొస్తావ్, ముప్పై ఎనిమిది ఇస్తాం అన్నాను. మీ యార్డులో నెలజీతం నాకొద్దమ్మగారూ అన్నాడు. నలభై అన్నాను. వద్దన్నాడు, అంతే మెత్తగా.

నవంబరు 10

నలభై ఐదు, పీఎఫ్, సీజన్ అయ్యాక బోనస్. వద్దట. ఏం చూసుకుని ఈ టెక్కు! పోర్టులో కూడా ఇంత ఇవ్వరు. ఎక్సెల్‌లో నాలుగో గ్రేడు పెట్టి దానికి ఎర్రరంగు వేశాను, కోపంతో.

నవంబరు 13

వద్దట.

నవంబరు 15

బిల్లింగ్‌లో ఉండే ఉషారాణి మెల్లగా ఒక సంగతి చెప్పింది. రేపు వాళ్ళ చర్చిలో కోత పండుగ. పొలం ఉన్నవాళ్ళు ధాన్యం తెస్తారు, లేనివాళ్ళు కోడిపుంజో అరటి గెలో తెస్తారు, అన్నీ వేలం వేసి ఆ డబ్బు దేవుడికిచ్చేస్తారట. సామ్యేలుకి పొలం లేదు. ఏటా తన పని ఒక రోజు కానుకగా పెడతాడట. పాడుకున్నవాళ్ళు ఎవరైనా సరే, మర్నాడు పొద్దున్న నుంచి పొద్దుగూకేదాకా ఆ మనిషి వాళ్ళ పని చేస్తాడట.

పదేపదే అడిగి మరీ చెప్పించుకున్నాను. నిజమేనట.

నవంబరు 16, ఆదివారం

రాయకపోతే నిద్ర పట్టదు.

షామియానా కింద గుమ్మడికాయలు, కొబ్బరిగెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. చర్చివాళ్ళే అనుకున్నాను. చూస్తే చుట్టుపక్కల ఊళ్ళలో మిషన్లున్న మోతుబరులంతా వెనక వరసలో బుద్ధిగా కూర్చున్నారు. మాకు పోటీగా మిషన్లు తిప్పే వెంకటరాజు గారు కూడా వచ్చారు, ఆచంట నుంచి. బొట్టు పెట్టుకున్న మొహాలన్నీ ఒక మూల, నాతో సహా.

సంఘ పెద్ద ఒకాయన చిన్న చీటీ పైకెత్తి, సామ్యేలు గారి రోజండీ అన్నాడు. కోళ్ళు తప్ప ఎవరూ చప్పుడు చేయలేదు. వెయ్యితో మొదలైంది. ఊపిరి తీసి వదిలేలోపు పదివేలు. అమ్మ బాబోయ్! గేదె కోసం కూడా ఇంత పట్టుదలగా పాడటం నేను చూడలేదు. ఇరవై దాటాక వెంకటరాజు గారు, నేను మిగిలాం. పల్లంరాజు గారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ముప్పై ఒక్క వేలకి పాడేశాను.

సామ్యేలు అక్కడే ఉన్నాడు, మొదటి వరసలో. అందులో ఒక్క రూపాయి కూడా అతని చేతికి రాదు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే తల వంచుకుని నిలబడ్డాడు. రెండు వారాలు ఊళ్ళన్నిటికీ ఫోన్లు చేసి రేటు కనుక్కున్నాను నేను. ఆ మనిషి రేటు ఏ ఊళ్ళోనూ లేదు, ఈ షామియానా కింద ఉంది.

నవంబరు 17

సామ్యేలు గారు ఆరున్నరకే వచ్చారు. పల్లంరాజు గారు ముప్పై ఒకటి మాట విని నన్ను తిట్టడానికి నోరు తెరిచారు గానీ, అప్పటికే మొదటి మిషను పలికింది.

చూసింది చూసినట్టు రాస్తాను. సామ్యేలు గారు ముందుగా ఏమీ విప్పలేదు. ఇంజను తిప్పమని, కళ్ళు మూసుకుని, డీజిల్ పైపుల మీద ఒక్కొక్కదాని మీద వేలు పెట్టారు, నాడి చూసినట్టు. మూడోదాని దగ్గర ఆగి, ఇది ఉత్తినే కూర్చుందండి అన్నారు. నాజిల్ విప్పితే మూసుకుపోయి ఉంది. నల్లపొగదాన్ని వాసన చూసి చెప్పారు. డ్రైవర్లు నలుగురూ టీలు చల్లార్చుకుని మరీ చూస్తున్నారు. నేను ఎం.బి.ఎ. చదివాను. దేన్నీ అంత శ్రద్ధగా విన్న గుర్తు లేదు.

పొద్దుగూకేసరికి రెండు లేచాయి. మిగతా రెండిటికీ పంపు పని, వారం పడుతుంది. పైగా సీజనంతా పక్కన మనిషి ఉండాలి, లేకపోతే ఈ లేచినవీ చేలో పడుకుంటాయి. అదే చెప్పి బతిమాలాను. నవ్వి చేతులు తుడుచుకున్నారు. అప్పుడే పల్లంరాజు గారు వచ్చి, ఏరా సామ్యేలూ, చెయ్యి ఇంకా ఆడుతోందన్నమాట అని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. సామ్యేలు గారు సంచి తీసుకుని వెళ్ళిపోయారు. ఇచ్చిన టీ బల్ల మీదే ఉంది.

నవంబరు 18

వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన లేరు. వాళ్ళావిడ సంపూర్ణమ్మ గారు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, నేను అడక్కముందే చెప్పారు.

పన్నెండేళ్ళ క్రితం మా యార్డులోనే చేశారట. జీతం ఎప్పుడూ తక్కువనిపించలేదట. పెద్దమ్మాయి పెళ్ళయిన కొత్తలో అల్లుడు క్యారేజీ పట్టుకెళితే, అల్లుడి ముందే పల్లంరాజు గారు ఒరే సామ్యేలుగా అని కేకేశారట. ఆ క్యారేజీ తినకుండానే వచ్చేశారట. మళ్ళీ వెళ్ళలేదు. కోత పండుగ రోజు వేరండి, అది దేవుడి మాట కాబట్టి నిన్న వచ్చారు, అన్నారు సంపూర్ణమ్మ గారు. కాసేపాగి, మీరూ ఫోన్‌లో నువ్వనే అన్నారు కదమ్మా, స్పీకర్లో విన్నానులెండి, అన్నారు. కోపం ఏమీ లేదు ఆ గొంతులో. అదే తట్టుకోలేకపోయాను.

ఇంటికొచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పాను. పదహారో తారీఖు దాకా అన్నాడు, అతను. నాకంటే ఇరవై ఏడేళ్ళు పెద్దాయన. ఆ ఐటీఐ కుర్రాళ్ళని మాత్రం ఫోన్‌లో మీరు అన్నాను. సిగ్గుగా ఉంది. కొట్టేసి దిద్దబోయి మానేశాను. ఉండనీ.

నవంబరు 19

పల్లంరాజు గారికి చెప్పేశాను. మా పల్లంరాజు గారు కుక్కని కూడా అండి అంటారని ఊళ్ళో జోకు. ఎల్‌కేజీ పిల్లల్ని మీరు అంటారు. ఆయనే ఎగిరిపడ్డారు. వాడూ నేనూ ఒక ఈడువాళ్ళం, అది చనువమ్మా, అవమానం కాదు అన్నారు. మరి ఆయన మిమ్మల్ని ఏమంటారండీ అని అడిగాను. కారెక్కి వెళ్ళిపోయారు. ఉద్యోగం ఉందో పోయిందో తెలీదు. కొవ్వలిలో చేలు మొలకెత్తుతున్నాయని పాపాయి అనే కౌలురైతు మూడుసార్లు ఫోన్ చేశాడు, ఏడుపు గొంతు.

సామ్యేలు గారికి ఫోన్ చేశాను. ముందు క్షమించమన్నాను. జీతం అదే నలభై ఐదండి, క్యారేజీ సంగతి ఓనరు గారికి చెప్పాను, ఆయనేమంటారో మాత్రం నేను మాటివ్వలేను అన్నాను. పొద్దున్న వచ్చి చూస్తానండి అన్నారు.

నవంబరు 20, ఉదయం 7.40

సామ్యేలు గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పల్లంరాజు గారు కుర్చీలోంచి లేచారు. రెండుసార్లు నోరు తెరిచి మూశారు. మూడోసారికి, రండి, కూర్చోండి అన్నారు.

ఎవరూ కూర్చోలేదు. ముగ్గురం అలాగే నిలబడి ఉన్నాం.