గేటు దగ్గర పిలిచిన పేరు

జగ్గయ్యపేట,
10-10-2004.

చిరంజీవి దేవరాజుకు, కోడలికి, నా బంగారు క్రిస్టీకి అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. నేను బాగానే ఉన్నా. మోకాళ్ల నొప్పులు నాతోపాటే ముసలివయ్యాయి కాబట్టి వాటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు. విశాఖలో మీ ముగ్గురూ కులాసాగా ఉన్నారని చదివాక ప్రాణం కుదుటపడింది. ఇక్కడ వాన వెనకబడింది. వత్సవాయి వైపు పత్తి ఎర్రబారిందని కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు చెప్పారు.

నీ ఉత్తరం అంది పదిరోజులైంది. జవాబు ఆలస్యమైతే నువ్వు ఫోను చెయ్యమంటావని తెలుసు. ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు నాన్నా. ఎస్టీడీ బూతులో మన వెనక నలుగురు నిలబడి వింటూ ఉంటారు.

క్రిస్టీని బడిలో తాతముత్తాతల పేర్లు రాసుకు రమ్మన్నారన్నావు. రాసుకోమను. నా వైపు మా నాన్న ఇన్నాసి, నందిగామ చుట్టుపక్కల పొలాలకు గట్లు వేసేవాడు. మా అమ్మ మార్తమ్మ నాట్లకు పోయేది. వాళ్ల అమ్మానాన్నల పేర్లు నాకు తెలియవు. మా వాళ్ల పేరు కాగితం మీద పడేది జ్ఞానస్నానానికి, పెళ్లికి, చావుకు. అవన్నీ గుడి రిజిస్టరులో ఉంటాయి. మన ఇంట్లో ఏముంటాయి?

మీ నాన్న వైపు తాత దావీదు. వత్సవాయిలో ఒకే రైతు దగ్గర ఇరవై రెండేళ్లు పాలేరు. ఆయన తండ్రి యాకోబు ఏదో కరువులో మునగాల వైపు నుంచి భుజాన పలుగేసుకుని వచ్చి, ఊరూరా బావులు తవ్వాడట. ఆయన తవ్విన బావి నీళ్లు ఆయన ముట్టుకునే వీల్లేదు. ఇది కూడా క్రిస్టీకి చెప్పు. టీచరుగారు రాయొద్దంటే మానుకుంటుంది, తెలిసి ఉండటం ముఖ్యం.

ఇక రెండో ప్రశ్న. నీకు ఇంట్లో నాయనమ్మ లూర్దమ్మ ఉండగా వత్సవాయి నాయనమ్మ పున్నమ్మ ఎలా వచ్చింది, తాతకు రెండు పెళ్లిళ్లా అని అడిగావు. పాపం, మీ తాత ఒక్క పెళ్లికే చొక్కా అరువు తెచ్చుకున్నాడు. రెండో పెళ్లి కూడానా.

మూడోది సమాధి రాయి. నందిగామలో రాళ్లు చెక్కేవాళ్ల దగ్గర తాళ్లూరి రత్తయ్య అని చెక్కించానన్నావు. నాన్న పుట్టిన తేదీ, తాత పేరు పంపితే కింద చెక్కిస్తాననీ, నవంబరు రెండున సమాధుల పండక్కి మనమే నిలబెడదామనీ రాశావు. అది చదివి ఉత్తరాన్ని బైబిల్లో పెట్టేశా. మళ్లీ తీశా. మళ్లీ పెట్టా. ఇలా పది రోజులు. నీ రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ జవాబు ఒక్కటే.

తాళ్లూరి రత్తయ్య మీ నాన్న కాదు. ఆయన మీ నాన్న స్నేహితుడు, పున్నమ్మకు ఒక్కగానొక్క కొడుకు.

నా పెళ్లికి రెండేళ్ల ముందు సంగతి. ఇద్దరూ వత్సవాయి నుంచి వచ్చి సున్నపురాయి క్వారీలో రోజుకూలి చేసేవాళ్లు. కంపెనీ వాళ్లు ఇరవై మందిని పర్మనెంటు చేస్తూ జాబితా వేశారు. అందులో రత్తయ్య పేరుంది, మీ నాన్న పేరు లేదు. పర్మనెంటు కూలీల నంబరు బిళ్ల చేతికిచ్చే వారం ముందు రత్తయ్య పచ్చకామెర్లతో పోయాడు. మేస్త్రి మీ నాన్నను పక్కకు పిలిచి, "పేరుంది, మనిషి లేడు. నువ్వున్నావు, నీ పేరు లేదు. ఏమంటావు?" అన్నాడట.

మీ నాన్న నేరుగా వత్సవాయి పోయి పున్నమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. సంగతి చెప్పి, "నువ్వు వద్దంటే పోనమ్మా" అన్నాడు. ఆమె చేటలో బియ్యం చెరగడం ఆపలేదట. చివరికి అంది: "మనిషిని మట్టిలో పెట్టాగానీ పేరుని పెట్టలేదురా. తీసుకో. ఒక్కటే మాట. వాళ్లు పిలిచినప్పుడల్లా గట్టిగా పలకాలి. నీళ్లు నమిలావంటే ఊరుకోను."

మా పుట్టింటి ఊరి గుడిలో నా మెళ్లో తాళి కట్టింది సొంత పేరుతోనే. క్వారీ సంగతి నాకు చెప్పలేదు. కాపరానికొచ్చిన నెలలో ఒకరోజు అన్నం క్యారేజీ మర్చిపోతే పట్టుకుని వెనకే పరిగెత్తా. గేటు దగ్గర మస్టరు పుస్తకం చూసి హాజరు పిలుస్తున్నారు. బయట చింతచెట్టు కింద ఒక ముసలామె, నెత్తిన దోసకాయల గంప దించకుండా నిలబడి ఉంది. లోపల "తాళ్లూరి రత్తయ్యా" అని పిలిచారు. "ఉన్నానండీ" అని కేక వినపడింది. అది నా మొగుడి గొంతు. ముసలామె కళ్లు మూసుకుని ఆ మాట విని, గంప సర్దుకుని సంతకు వెళ్లిపోయింది. లోపలికి తొంగి చూడలేదు. చూస్తే కొడుకు కాదని తెలిసిపోతుంది కదా.

ఆ సాయంత్రం నిలదీస్తే మీ నాన్న అంతా చెప్పాడు. మరుసటి వారం సంతకు నేనే ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చా. అప్పట్నుంచి ప్రతి సంతనాడూ గేటు దగ్గర పేరు విని, మన ఇంట్లో అన్నం తిని, నిన్ను ఒళ్లో పడుకోబెట్టుకునేది. నువ్వు నాయనమ్మా అన్నావు, మేము కాదనలేదు. పంతొమ్మిది వందల తొంభైలో ఆమె పోతే శవపెట్టెను తలవైపు మోసింది మీ నాన్నే.

రత్తయ్య మీ నాన్నకంటే రెండేళ్లు పెద్ద. అందుకే కంపెనీ రెండేళ్లు ముందే రిటైరు చేసింది. "వాడు నాకంటే పెద్దోడు మరి" అని అరుగు మీద కూర్చుని నవ్వేవాడు. ముప్పై ఏళ్లు రాయి కొట్టిన మనిషి, తనకంటూ మిగుల్చుకున్న నవ్వు అదొక్కటే.

నీకెందుకు చెప్పలేదంటే భయం. మొదట ఆయన ఉద్యోగం పోతుందని, తర్వాత నీ సర్టిఫికెట్లు చెల్లవని, ఇప్పుడు నా పెన్షను. నాకైతే అబద్ధమాడే అవసరం కూడా రాలేదు. మొగుడి పేరు నోట పలకకూడదని మా అమ్మ నేర్పింది. పేరు అడిగిన ప్రతిచోటా తల వంచుకుంటే పక్కనున్నవాళ్లే చెప్పేవాళ్లు. ఇంట్లో మీ నాయనమ్మ లూర్దమ్మ ఎటూ ఆయన్ని చిన్నోడా అనే పిలిచింది. ఆమె, పున్నమ్మ ఇద్దరూ పోయాక ఆయన అసలు పేరు తెలిసింది ఈ ఊళ్లో నా ఒక్కదానికే. తెలిసిన ఆ ఒక్కదాన్నీ పలకలేదు.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది ఇది. ఫిబ్రవరిలో బెజవాడ ఆస్పత్రిలో, నువ్వు రైలు దిగకముందు, ఊపిరి ఆడక ఆయాసపడుతూ నా చెయ్యి పట్టుకుని అడిగాడు: "రత్నం, ఒక్కసారి నన్ను నా పేరు పెట్టి పిలువ్." మంచం తలదగ్గర అట్ట మీద తాళ్లూరి రత్తయ్య అని రాసుంది. నర్సమ్మ పక్క మంచం దగ్గర సూది వేస్తోంది. నేను, "ఊరుకో, ఎవరన్నా వింటారు" అన్నా. ఆయన సరేనన్నట్టు తలూపాడు. గంటలో పోయాడు. సమాధి దగ్గర ఫాదరుగారు కూడా రత్తయ్య ఆత్మకు విశ్రాంతినిమ్మనే ప్రార్థించారు. నేను ఆమెన్ అన్నా.

ఎనిమిది నెలలుగా ఆ తలూపడమే కళ్లముందు ఉంటోంది దేవరాజూ. అడక్క అడక్క అడిగింది, ఖర్చులేనిది, ఇవ్వలేకపోయా.

నువ్వు చెక్కించిన రాయి వృథా పోదు. తేదీలు వెయ్యలేదు కదా, మంచిదైంది. దాన్ని వత్సవాయి తీసుకుపోదాం. పున్నమ్మ పక్కన రత్తయ్య సమాధికి పెట్టిన కర్ర సిలువను చెదలు ఎప్పుడో తినేశాయి. ఆ పేరు దాని సొంతదారుడికి ఇచ్చేద్దాం. నువ్వూ క్రిస్టీ ఆ ఇంటిపేరుతోనే ఉండండి. ఆ పేరు మనకు అన్నం పెట్టింది. నా పెన్షను ఆపితే ఆపనీ, బడికి వంట చేసే ఓపిక ఇంకా ఉంది.

మీ నాన్నకు ఇంకో రాయి చెక్కించు. పేరు ఇలా రాయించు: పులిపాక ప్రేమానందం, దావీదు లూర్దమ్మల కుమారుడు. ఇది రాయడానికి కలం మూడుసార్లు కింద పెట్టా. ముప్పై మూడేళ్ల కాపరంలో ఆయన పేరు రాయడం ఇదే మొదలు.

పండగనాడు రాయి నిలబెట్టి, సున్నం కొట్టి, కొవ్వొత్తులు వెలిగించాక నేను ఆయన్ని పేరు పెట్టి పిలుస్తా. జనం ఉంటారు, ఉండనీ. పిలిస్తే ఆయన పలకడని తెలుసు. నువ్వు నా పక్కనే నిలబడు. నేను పిలవగానే ఉన్నానండీ అను. గట్టిగా పలకాలి నాన్నా, నీళ్లు నమలకూడదు.

ఇట్లు,
మీ అమ్మ,
పులిపాక రత్నమణి.