కిటికీలు మూసి కాల్చిన బంగారం

అన్సెల్మోకి మేడింగ్ రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం, కొండ మీద గని దగ్గర నువ్వూ క్షేమమని తలుస్తాను. ముందు ఈ ముక్క రాయాలి కాబట్టి రాశాను. నిన్నటి నుంచి మూడు కాగితాలు చింపేశాను. దీన్నయినా చింపకుండా పోస్టులో వేయాలి.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. పంది ఈనింది, ఏడు పిల్లలు, ఒకటి పోయింది. తుఫానుకి లేచిపోయిన రేకుని పక్కింటి అన్న, మనోయ్ బెర్టింగ్, వచ్చి బిగించాడు. మేకులు కొట్టినంతసేపూ "మీ ఆయనకి బంగారం బాగానే దొరుకుతోందటగా!" అని కూపీ లాగుతూనే ఉన్నాడు. నేను నోరు విప్పలేదులే. మన అమ్మాయి టినాంగ్ చేతిరాత బాగుపడిందా అన్నావు. దానికే వస్తున్నాను, కాస్త ఆగు.

కిందటి వారం బాస్కెట్‌బాల్ కోర్టులో గనివాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళకి శిక్షణ పెట్టారు. భోజనం పెడతారంటే వెళ్ళాను, అబద్ధమెందుకు. నేర్పడానికి వచ్చిన అక్క, మనాయ్ కాన్రాడా, పక్క లోయ మనిషే, ఇరవై ఏళ్ళు మనలాగే బంగారపు ఇసుకలో పాదరసం కలిపి, ఆ ముద్దని కాల్చి బంగారం తీసింది. "పాదరసం కలిపిన ముద్దని మీరంతా ఎక్కడ కాలుస్తారమ్మా?" అని అడిగింది. అందరం పక్కచూపులు చూశాం. ఎవరికెంత దొరికిందో పక్కింటికి తెలియకూడదనేగా, వంటింట్లో కిటికీలు మూసి, గడియ పెట్టి కాలుస్తాం.

"సిగ్గా? నేనైతే మా అత్తకి కనపడకూడదని దుప్పటి అడ్డం కట్టి మరీ కాల్చేదాన్ని!" అంది. అందరం నవ్వాం.

తర్వాత ఓ ముద్దని మూత ఉన్న ఇనప కుండలో పెట్టి, దాని గొట్టం కొసని నీళ్ళలో ముంచి మంట పెట్టింది. చల్లారాక ఆ నీళ్ళ గిన్నె మాకు చూపించింది. అడుగున పాదరసం వెండిపూసల్లా దొర్లుతోంది.

"మూతలేని పెనం మీద కాల్చిన రోజు ఇదంతా ఎటు పోయింది?"

"పొగలో పోయింది మనాయ్," అంది బెర్టింగ్ పెళ్ళాం.

"కిటికీలు మూశారుగా తల్లీ. పొగెటు పోయింది?"

ఆ పొగ పీల్చినవాళ్ళకి చేతులు వణుకుతాయని, అక్షరాలు వంకర పోతాయని, గిన్నెలు జారిపోతాయని ఆవిడ చెబుతూ ఉండగానే లేచాను. అన్నం ముట్టకుండా ఇంటికి పరుగెత్తాను.

అన్సెల్మో, నువ్వు డబ్బాలో పెట్టి వెళ్ళిన ముద్దల్ని వానాకాలమంతా వంటింట్లోనే కాల్చాను. టినాంగ్ అక్కడే బల్ల దగ్గర హోంవర్క్ రాసుకునేది. కళ్ళు మండుతున్నాయి, తలుపు తీస్తానంటే "కూర్చో, ఎవరూ చూడకూడదన్నాడు మీ నాన్న" అని నేనే కూర్చోబెట్టాను. రాత పాడైతే గట్టిగా చెప్పమని రాశావు. నేను చెప్పలేదు, కొట్టాను. అన్నం గిన్నె జారవిడిచిన రోజు గరిటెతో ఆ చేతి మీదే కొట్టాను. "గట్టిగానే పట్టుకున్నానమ్మా" అని ఏడ్చింది. నేను నమ్మలేదు. ఇప్పుడు ఆ మాట నన్ను కూర్చోనివ్వడం లేదు, పడుకోనివ్వడం లేదు.

దానికి ఆసుపత్రిలో పరీక్ష చేయించాను. ఒంట్లో పాదరసం ఉందన్నారు. పొగకి దూరంగా ఉంటే మెల్లగా తగ్గొచ్చట. తగ్గుతుందని మాత్రం మాటివ్వలేదు. దాన్ని సముద్రం ఒడ్డున మా అమ్మ దగ్గర దించి వచ్చాను.

మిగిలిన ఆఖరి ముద్దని నిన్న ఆ బాస్కెట్‌బాల్ కోర్టుకే తీసుకెళ్ళి, మనాయ్ కుండలో అందరి ముందూ కాల్చాను. బెర్టింగ్ తొంగి చూశాడు. "ఇంతేనా? ఇంత దానికా ఇన్నాళ్ళూ తలుపులు బిగించుకున్నావు?"

"ఇంత దానికే మనోయ్," అన్నాను. నువ్వు తిడతావని తెలుసు. తిట్టుకో. వెలిగారంతో పాదరసం లేకుండానే బంగారం తీయొచ్చట, వచ్చే వారం అది నేర్పుతారు. నేను వెళ్తాను.

ఇప్పుడు నీ సంగతి. నీ కిందటి రెండు ఉత్తరాలూ నీ రాత కాదు. పని ఎక్కువై తోటివాడితో రాయించానన్నావు, నమ్మాను. సంతకం ఒక్కటే నీది, అదీ గీత దాటి కిందికి జారింది. తాగి పెట్టావనుకుని నవ్వుకున్నాను కూడా. నిన్న ఆ ఉత్తరాన్ని టినాంగ్ నోట్‌బుక్ పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకేలా వణికాయి. మీ గుడిసెకి కిటికీ ఉందా? ఉంటే, ముద్ద కాల్చేటప్పుడు తెరుస్తారా?

జవాబు రాయి. రెండే రెండు ముక్కలు చాలు, కానీ నీ చేత్తో రాయి. వంకరగా వస్తోందని ఇంకొకరికి ఇవ్వకు. అది నీ రాత కాకపోతే నేనే కొండెక్కి వస్తాను.

ఇట్లు,
ఆ చేతి మీద కొట్టిన టినాంగ్ అమ్మ,
నీ భార్య మేడింగ్